నూట పద్నాలుగో పాట

నవంబర్ 3

ఇది నాకు నేనే పంపుకుంటున్న మెసేజ్. పంపగానే ఇదే ఫోను టింగుమంటుంది, ఎవరో నన్ను తలుచుకున్నట్టు. ఎవరూ లేరు. నేనే.

ఇవాళ మళ్ళీ చచ్చింది ఫోను. రెయిన్‌డీర్ల మందని కొండ మీంచి దించుతున్నాం. మైనస్ ఇరవై ఆరు. అరవై రెండు శాతం చూపిస్తూ చూపిస్తూ నల్లబడిపోయింది. చలేస్తోందట దానికి. నాకు వెయ్యట్లేదా? జింకలకి వెయ్యట్లేదా?

బతికున్నప్పుడు మాత్రం ఏం చేస్తుంది? పాట మధ్యలో ఆపి ఎవడిదో పుట్టినరోజు అంటుంది. మొన్నటిదాకా ఉన్న పాట ఇవాళ వెతికితే మీ దేశంలో దొరకదు అంటుంది. నేనెక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడే ఉన్నా. పాటే వెళ్ళిపోయింది. వేలి తొడుగు తీస్తే గానీ మాట వినదు, తొడుగు తీస్తే వేలు ఉండదు. నేను మా భాషలో దూడ అని కొడితే నార్వే వాళ్ళ మాటేదో పెడుతుంది. యోవ్నా అని నా పేరు కొట్టినా దిద్దుతుంది. స్కూల్లో కూడా ఇదే గోల. అందుకే కదా మానేసింది.

నా ప్లేయర్‌కి ఇవేం లేవు. అగ్గిపెట్టెంత ఉంటుంది. అద్దం పగిలితే టేపు వేశా. సన్న బ్యాటరీ ఒకటి చాలు. ఇంకోటి చంకలో పెట్టుకుంటా వెచ్చగా. మొదటిది నీరసపడితే రెండోది వేస్తా. బటన్లు పైకి ఉంటాయి, మందపాటి తొడుగులోంచి కూడా బొటనవేలికి తెలుస్తాయి. స్పీకరు లేదు. చెవుల్లో వైరు పెట్టుకున్నవాడికే వినపడుతుంది. నూట ముప్పై పాటలు. ఏదీ ఎక్కడికీ వెళ్ళిపోదు.

లెమెత్ బావ అందరి ముందూ అడిగాడు. "ఏరా యోవ్నా, మ్యూజియం వాళ్ళు ఫోన్ చేశారు, ఆ డబ్బా తిరిగిచ్చెయ్యమంటున్నారు. ఏం చెప్పమంటావ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఎందుకు నవ్వానో.

నవంబర్ 4

బావకి చెప్పాల్సింది: నీ ఫోను పొద్దున్నే చచ్చిందిగా, మ్యూజియం వాళ్ళు దేనికి చేశారు? నిన్న తట్టలేదు.

నవంబర్ 6

డేరాలో నేనూ బావా మంద కాపలా. వాడి ఫోను ఇవాళ కూడా చచ్చింది. పొయ్యి పక్కన పెట్టి వేడి చేస్తుంటే లోపల చెమ్మ పట్టి, అసలు వెలగడం మానేసింది. గంటసేపు కాళ్ళు ఊపాడు. కాఫీలో ఎండుమాంసం నానేసుకున్నాడు, నమిలాడు, ఇంకోటి నానేసుకున్నాడు. ఇక ఆగలేక అన్నాడు.

"ఒరే, ఆ మ్యూజియం ఇలా ఇవ్వు."

ఇచ్చా. ఇవ్వకూడదు. బావ అడిగితే ఎలా ఇవ్వకుండా ఉంటాను, అత్త కొడుకు. మంచం కూడా పంచుకున్నాం చిన్నప్పుడు.

బటన్ నొక్కుతూ పోయాడు. తల ఊపాడు, మొహం చిట్లించాడు, మళ్ళీ నొక్కాడు. ఒక చోట ఆగిపోయాడు. చిన్న అద్దంలో 114 అని ఉంది.

"ఏంట్రా ఇది? పేరు లేదు."

"ఏం లేదు. ఖాళీ."

చివరిదాకా విన్నాడు. నవ్వలేదు. అదే నాకు నచ్చలేదు. వాడు దేనికైనా నవ్వుతాడు. "ఇవాళ్టికి నా దగ్గర ఉంచుకుంటా, రేపిస్తా" అన్నాడు.

114 నా యోయిక్, మా వాళ్ళు ఒక మనిషికి కట్టే రాగం. నలభై ఒక్క సెకన్లు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు రవ్‌నా అత్త, బావ వాళ్ళమ్మ, నది మంచు మీద చేపలు పడుతూ దాన్ని ఎత్తుకుంది. స్కూల్లో టీచరు, నీ గురించి పాడిన పాటా అంది ఒకసారి. గురించి కాదు. నన్నే. అది ఎత్తుకుంటే నేను అక్కడ ఉన్నట్టు. ఎవరు కట్టినా సరే, ఎవరిని కట్టారో వాళ్ళదే.

అయితే తన యోయిక్ తనే ఎత్తుకోకూడదు. అలాంటి వాడిని చూస్తే మా వాళ్ళు ఎలా నవ్వుతారో తెలుసు. అద్దం ముందు నిలబడి తన బుగ్గ తనే ముద్దు పెట్టుకునేవాడి లెక్క. నేను ఎత్తుకోవట్లేదు. వింటున్నా. అది వేరు.

అది వేరే.

ఇంకోటి. నేను దొంగతనంగా తీసింది కాదు అది. తొడుగు మందంగా ఉంది, రికార్డు బటన్ దానంతటదే నొక్కుకుపోయింది.

నవంబర్ 7

ప్లేయర్ ఇచ్చేశాడు. వైరు చక్కగా చుట్టి ఇచ్చాడు. వాడు ఏదీ చక్కగా చుట్టడు.

నవంబర్ 9

చంపేస్తా వాణ్ణి.

నవంబర్ 9, ఇంకోసారి

కొత్త ఫోను కొన్నాడు. ప్లేయర్ దగ్గరుంచుకున్న రోజే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడన్నమాట. వీడియో పెట్టాడు. మంచు స్కూటర్ మీద తనే, గాలికి టోపీ చెవులు ఎగురుతూ, వెనకాల మంద పరుగు. దాని మీద నా యోయిక్. పన్నెండు వేల మంది చూశారంట. పన్నెండు వేల మంది చెవుల్లో నేను ఉన్నా, మొహం మాత్రం వాడిది. కింద అందరూ రాస్తున్నారు: లెమెత్, ఇదేనా నీ యోయిక్? ఎంత బాగుంది, అచ్చం నువ్వే.

అచ్చం నువ్వే అంట.

వాడు కాదనలేదు. పసుపు బొమ్మ ఒకటి పెట్టాడు, కన్ను కొట్టేది.

ఏడేళ్ళు నా జేబులో ఉంది. ఒక్క చెవికి తెలియలేదు. ఫోన్లోకి వెళ్ళి రెండు రోజులు కాలేదు.

నవంబర్ 10

పందొమ్మిది వేలు.

నవంబర్ 12

పెట్రోలు బంకులో బావ లోపలికి రాగానే కౌంటర్ దగ్గరి కుర్రాడు నోటితో అందుకున్నాడు. నాది. కాఫీ పోసుకుంటున్న ఇద్దరు కలిపారు. బావ చెయ్యి ఊపాడు, సినిమా వాడిలాగ.

ఇలాగే అయిపోతుంది. ఒక మనిషి రాగానే నలుగురు ఒక యోయిక్ ఎత్తుకుంటే అది ఆ మనిషిదైపోతుంది. ఇంకో నెల పోతే అది వింటే నాకు కూడా గుర్తొచ్చేది వాడే.

నేను నిమ్మసోడా తీసుకుని బయటికి వచ్చేశా.

చెప్పొచ్చు కదా. చెప్పలేను. నాది అంటే, మరి నీ దగ్గర ఎందుకుందిరా, నువ్వే వింటున్నావా నిన్ను, అంటారు. ఆ నవ్వు నేను చచ్చేదాకా ఉంటుంది. చెప్పకపోతే వాడిదైపోతుంది. అడ్డంగా ఇరుక్కున్నా. నేనేం తప్పు చేశాను?

నవంబర్ 13

అడిగేశా. స్కూటర్ షెడ్డులో వాడు ఒక్కడే ఉన్నాడు.

"అది తీసెయ్."

"ఏది?"

"తెలుసు నీకు."

గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు నెమ్మదిగా. "ఓహో, అదా. ఎవరిదిరా అది?"

నేను బూటు మంచు గుమ్మానికేసి దులిపా.

"పేరుందా దానికి? లేదు. నంబరు. నూట పద్నాలుగు. చెవి గాటు లేని దూడ దొరికితే ఏం చేస్తాం మనం? ఎవడు కత్తి పెడితే వాడిది."

"అలా కాదు."

"మరి ఎలా? నీదా? చెప్పు నాదే అని. చెప్పరా. రోజూ వైరు పెట్టుకుని నన్ను నేనే వింటా బావా, భలే ఉంటాను బావా, అను. మీ నాన్నని కూడా పిలుస్తా, ఆయనా వింటాడు."

నా చెవులు కాలిపోయాయి. వచ్చేశా. వెనకాల నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. సుత్తి పెట్టి దేన్నో కొట్టాడు గట్టిగా.

గాటు లేని దూడ అంట. చెవి గాటు అంటే ఇంటి గుర్తు, జింక ఎవరిదో చెప్పేది అదే. అబద్ధం. గాటు లేకపోతే నంబరు వేసి వదుల్తారు, ఏ తల్లి వెనకాల వెళ్తుందో చూస్తారు, తల్లి ఎవరిదైతే దూడ వాళ్ళది. ఇది వాడికి తెలీదా? పాలు మానకముందే తెలుసు మా అందరికీ.

ఇది అక్కడే అనాల్సింది.

నవంబర్ 14

వీడియో మళ్ళీ విన్నా. తర్వాత నాది విన్నా. మళ్ళీ వీడియో.

నాది నలభై ఒక్క సెకన్లు కాదు. యోయిక్ అయ్యాక ఇంకో మూడు సెకన్లు ఉంది. రోజూ వింటా కాబట్టి అది లెక్కలో వేసుకోను. అత్త మామూలు గొంతుతో అంటుంది: "ఒరే యోవ్నా, గేలం లాగుతోంది చూడు."

వాడి వీడియోలో అది లేదు. "ఒరే" కి ముందు కట్ చేశాడు. ఊపిరి పీల్చడం కూడా సగం వినపడుతుంది.

అంటే గాటు ఉంది. నా పేరే గాటు. వాడు చూశాడు, కోసేశాడు. ఉన్న గాటు మీద ఇంకో గాటు పెట్టడం. మా దగ్గర అంతకన్నా నీచం లేదు. ఇలాంటి పని చేసిన ఇంటికి మూడు తరాలు పిల్లనివ్వరని నాన్న అంటాడు.

నవంబర్ 15

నిద్ర లేచినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. బటన్ దానంతటదే నొక్కుకుపోలేదు. నొక్కా. కానీ రేడియో బటన్ అనుకుని నొక్కా. చిన్నవాణ్ణి.

నవంబర్ 17

అత్త దగ్గరికి వెళ్ళా, చెప్పేద్దామని. ప్రార్థన మందిరంలో నేల కడుగుతోంది, మోకాళ్ళ మీద. లెమెత్ పుట్టిన ఏడాది నుంచి అక్కడికే వెళ్తుంది. అక్కడ యోయిక్ పాపం. తాగుడూ యోయిక్కూ ఒకే గంప. నది మీద ఆ రోజు అత్త చుట్టూ చూసి, చేపలు తప్ప ఎవరూ లేరని ఎత్తుకుంది. నేను ఉన్నా. నన్ను లెక్కలో వేసుకోలేదు.

"ఏరా, బూట్లు విప్పు, తడి నేల."

విప్పా.

"లెమెత్ ఫోన్లో ఏదో తిరుగుతోందటగా. ఆదివారం ఒకావిడ అడిగింది, రవ్‌నా, నీ గొంతులాగే ఉందే అని. నా దగ్గర ఈ బటన్ల ఫోనే కదా, నాకేం కనపడి చస్తుంది. నువ్వు విన్నావా?"

"లేదత్తా."

గుడ్డ పిండింది. చాలాసేపు పిండింది, నీళ్ళు రావడం ఆగిపోయినా.

"గొంతులు కలుస్తుంటాయిలే" అంది.

ఇదంతా వాడి వల్లే. అత్తకి ఈ తిప్పలు తెచ్చింది వాడే. నేను కాదు.

నవంబర్ 19

నొక్కా. తెలిసే నొక్కా. నా ఊపిరి అందులో పడకూడదని ఊపిరి కూడా బిగబట్టా.

నవంబర్ 20

అన్నీ వరసగా రాస్తా.

ఇవాళ దొడ్డిలో మందని విడదియ్యడం. ఎవరి జింకలు వాళ్ళకి. ఆరు ఇళ్ళ వాళ్ళు వచ్చారు. బియెరా తాత మధ్యలో నిలబడ్డాడు. ఊరందరి చెవి గాట్లూ ఆయనకి కంఠతా. అత్త కంచె పక్కన మాంసం పులుసు కుండ దగ్గర ఉంది. బావ ఆలస్యంగా వచ్చాడు, నాన్న బండి వెనక కూర్చుని. వాడి స్కూటర్ బెల్టు దారిలో తెగింది. నాకు సంతోషం వేసింది, దాచను.

వాడు దొడ్డిలోకి దిగి మొదటి విసురుకే కొమ్ములకి తాడు వేశాడు. బియెరా తాత నవ్వుతూ అందుకున్నాడు. నాది. తాడు ఈడుస్తున్నవాళ్ళు అందరూ కలిపారు. పదిహేను మంది నన్ను ఎత్తుకుంటూ వాడి వైపు చూస్తున్నారు.

"అది నాది."

ఎవరికీ వినపడలేదు. జింకల కాళ్ళ చప్పుడు.

"తాతా, అది నాది."

ఈసారి చాలా గట్టిగా వచ్చింది, నాకే భయమేసింది. దూడలు కూడా పక్కకి జరిగాయి. బియెరా తాత ఆపాడు. అందరూ ఆపారు.

బావ ఎర్రబడ్డాడు, కానీ నోరు ఆగదు కదా. "ఓహో. నీదెలా అయింది? నువ్వే ఎత్తుకున్నావా నిన్ను?"

నవ్వారు. అనుకున్నట్టే నవ్వారు. చచ్చిపోలేదు నేను. అది ఒకటి తెలిసింది.

"వింటున్నా" అన్నా. "రోజూ వింటున్నా. నా ప్లేయర్లో ఉంది. గాటుతో సహా ఉంది. నువ్వు గాటు కోసేసి పెట్టావ్."

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట మా దగ్గర సరదాకి అనరు. నాన్న తాడు కింద పెట్టాడు.

"మాట జాగ్రత్త" అన్నాడు బియెరా తాత. "గాటు ఉందో లేదో నీ ఒక్కడికే తెలుసు. లేదనుకుందాం. అప్పుడేం చేస్తాం?"

"తల్లిని చూస్తాం తాతా."

చూడకూడదు అనుకున్నా, చూసేశా. పులుసు కుండ వైపు. నాతో పాటు అందరూ చూశారు.

"వినిపించు మరి" అన్నాడు బావ. గొంతు తేడాగా ఉంది. "అందరికీ వినిపించు. ఓ, దానికి స్పీకరు లేదు కదూ."

లేదు. నేను కంచె దగ్గరికి వెళ్ళా. ప్లేయర్లో బ్యాటరీ గడ్డకట్టింది. చంకలోది తీసి వేశా. అత్త తలగుడ్డ పక్కకి జరిపి రెండు చెవుల్లో వైరు పెట్టా. 114 నొక్కా.

అత్త చేతిలో గరిట ఉంది. పులుసు దాని మీంచి కారి మంచులో పడుతోంది. నలభై నాలుగు సెకన్లు. ఇంత పొడుగని నాకు తెలీదు. చివర్లో పెదవులు కదిలాయి, గేలం లాగుతోంది చూడు అని, చప్పుడు లేకుండా.

వైరు తీసింది.

"ఆ రోజు మూడు చేపలు పడ్డాయి" అంది అందరితో. "ఇది యోవ్నాది. ఎత్తుకున్నది నేను."

ప్రార్థన మందిరం వాళ్ళు ఇద్దరున్నారు అక్కడ. వాళ్ళ వైపు కూడా చూసే అంది.

బియెరా తాత తల ఊపాడు. "వాడిదే." అంతే. తాడు విసిరాడు. జింకలు ఆగవు, పని మొదలైంది.

గెలిచాను కదా. కానీ అత్త నా చెయ్యి వదల్లేదు.

"నన్ను అడిగావా?"

"లేదత్తా."

"దొంగతనంగా తీశావా?"

"ఆ."

"ఏడేళ్ళు. మొన్న మొహం మీద అబద్ధం కూడా ఆడావు. బూట్లు విప్పి మరీ. ఇప్పుడు వాణ్ణి దొంగంటున్నావు, గొంతేసుకుని."

రెండో చేత్తో వైరు జేబులో కుక్కుకున్నా.

బావ వచ్చి నిలబడ్డాడు పక్కన. తాడు చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. "నీ గొంతని తెలిసే తీసుకున్నానమ్మా" అన్నాడు. "నేను ఎప్పుడూ వినలేదు. నువ్వు పాడతావనే తెలీదు. నాకెందుకు కట్టలేదు?"

పందొమ్మిదేళ్ళ మనిషి. గడ్డం కూడా ఉంది. అలా అడిగాడు.

అత్త గరిటని మంచులో గుచ్చింది. "నీకు కడితే ఏం చేస్తావురా? ఊరంతా దండోరా వేస్తావు. వేశావుగా ఇప్పుడు, నీది కానిది కూడా. వీడు నోరు మెదపడు. అందుకని వీడికి."

బావ తాడు భుజాన వేసుకున్నాడు. ఫోను తీశాడు, చాలాసేపు వేళ్ళతో ఏదో చేశాడు. తొడుగు లేకుండా. వేళ్ళు తెల్లబడ్డాయి. తర్వాత చూస్తే వీడియో లేదు.

నవంబర్ 20, మిగిలింది

ఒంటిగంటకే వెలుగు నీలంగా అయింది. బయల్దేరాం. అత్త స్కూటర్ నడిపింది, నేను వెనక సీటు. వెనకాల లాగుడు బండి కట్టి, కుండలూ తాళ్ళూ దాని మీద. వాటి మీద బావ, వీపు మాకు పెట్టి. మాకు మొహం చూపించడం ఇష్టం లేదు కాబోలు.

నేను చెంప అత్త వీపుకి ఆనించా, గాలికి. చెరువు మంచు దాటాక వీపులో ఏదో మొదలైంది. ఇంజిన్ అనుకున్నా. కాదు. అత్త ఎత్తుకుంటోంది. ఇంజిన్ మోతలో దేవుడికి వినపడదని కాబోలు. నాకూ చెవికి వినపడలేదు, చెంపకి తెలిసింది.

నాదేమో అనుకున్నా. పదహారేళ్ళ నేను కొత్తగా ఎలా ఉంటానో అని. రెండు ఊపులకే తెలిసిపోయింది. నాది కాదు. వెనకాల కుండల మీద కూర్చున్నవాడిది. అచ్చం వాడే. తడుముకోవడం లేదు. ఇప్పుడు కడుతున్నది కాదు అది, ఎప్పుడో కట్టి దాచుకున్నది.

వాడికి వినపడే దారి లేదు. ఇంజిన్, గాలి, కుండల మోత.

నా బొటనవేలు జేబులో ఉంది. రికార్డు బటన్ మీదే ఉంది. తొడుగులోంచి తెలుస్తోంది. వాడి కోసమే కదా, తర్వాత వాడికే ఇస్తా కదా అనుకున్నా. నిజంగానే అనుకున్నా.

తొడుగు పళ్ళతో లాగి, బ్యాటరీ ఊడదీసి చంకలో పెట్టుకున్నా. వేళ్ళు ఇప్పటికీ మంట.

ఎలా ఉందో ఇక్కడ రాయను. ఇది ఫోను.

నవంబర్ 21

పొద్దున్న బావ వచ్చాడు, బెల్టు అరువు కోసం. నా మొహంలోకి చూడలేదు. "నీ మ్యూజియం ఎలా ఉందిరా" అన్నాడు.

"నీ ఫోను ఎలా ఉంది బావా, చలేస్తోందా దానికి" అన్నా. అప్పటికప్పుడే తట్టింది.

వాడు చేసింది నేను మర్చిపోను. గాటు కోశాడు. బంకులో చెయ్యి ఊపాడు. పందొమ్మిది వేల మంది. ఇవన్నీ గుర్తున్నాయి, వరసగా చెప్పగలను. అసలు వాడి కోసం నేనెందుకు ఏమైనా చెయ్యాలి?

మా ఇంట్లో బెల్టు ఉంది. షెడ్డులో మేకుకి వేలాడుతోంది. లేదన్నా.

రేపు మిగిలిన జింకల కోసం మళ్ళీ దొడ్డికి. అత్తే నడుపుతుంది. నేను లాగుడు బండి మీద కూర్చుంటా, కుండలతో. వెనక సీటు వాడికి.